కుజగ్రహంపై కరవాలం

చౌకరకం కాగితంపై అచ్చయి, కళ్లు జిగేలుమనిపించే ముఖచిత్రాలతో పాత పుస్తకాల అంగళ్లలో నేటికీ దర్శనమిచ్చే నవలాజాతి ఒకటి ఉన్నది. కథానాయకుడు ఏదో ఒక విధంగా మరొక గ్రహానికి చేరుకుంటాడు. అక్కడ గగననౌకలుంటాయి, వింత తుపాకులుంటాయి. అయినా నిర్ణాయకమైన పోరాటాలన్నీ కత్తులతోనే జరుగుతాయి. రాజకుమారి అపహరణకు గురవుతుంది. నాయకుడు ఆమెను విడిపిస్తాడు. ఆమె మళ్లీ అపహరణకు గురవుతుంది. విజ్ఞానశాస్త్రానికి కేటాయించిన పుటలలో ఇటువంటి కథలకు చోటేమిటని పెద్దలు ప్రశ్నించవచ్చు. అయితే అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల చేతికి ఈ పుస్తకాలు అందుతూనే ఉంటాయి. కనుక వాటి ఆకర్షణను, లోపాలను ఒకే త్రాసులో తూచి చూడడం పెద్దల బాధ్యత.

ఈ జాతికి రూపురేఖలు దిద్దిన రచన ఎడ్గార్ రైస్ బరోస్ వ్రాసిన ‘ఏ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’. 1875లో షికాగోలో జన్మించిన బరోస్ అనేక ఉద్యోగాలు, వ్యాపారాలు చేసి దేనిలోనూ రాణించలేదు. పెన్సిళ్లు చెక్కే పరికరాల వ్యాపారంలో ఉన్న కాలంలో, 35 ఏళ్లు నిండిన తరువాత, ఈ కథకు శ్రీకారం చుట్టాడు. అది 1912 ఫిబ్రవరి నుండి జూలై వరకు ‘ఆల్ స్టోరీ’ పత్రికలో ధారావాహికగా వెలువడింది. ప్రతిఫలం 400 డాలర్లు. ఇంతటి విపరీత కల్పన చేసినవాడికి మతి చలించిందని లోకం అనుకుంటుందేమోనని, ‘మతి స్థిమితంగా ఉన్నవాడు’ అనే అర్థం స్ఫురించేటట్లు ‘నార్మల్ బీన్’ అని కలంపేరు పెట్టుకున్నాడు. అచ్చులో అది ‘నార్మన్ బీన్’గా మారి ఆ చమత్కారం కాస్తా పోయింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆయన టార్జాన్ కథ వెలువడింది. కుజగ్రహ నవల 1917లో గ్రంథరూపం దాల్చింది.

బరోస్ కల్పన శూన్యంలోంచి పుట్టలేదు. 1877లో ఇటలీ ఖగోళవేత్త షియాపరెల్లీ కుజునిపై సన్నని గీతలు చూశానని ప్రకటించాడు. పర్సివల్ లోవెల్ అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేధశాల నిర్మించి, ఆ గీతలు ఎండిపోతున్న గ్రహాన్ని కాపాడుకొనడానికి అక్కడి ప్రాణులు త్రవ్విన కాలువలని వాదించాడు. ఇంకిపోయిన సముద్రాలు, శిథిల నగరాలు, నీటికోసం పోరాడే జాతులు — బరోస్ ప్రపంచమంతా ఈ ఊహపైనే నిలిచింది. ఆనాటి శాస్త్రమే అంత అని సరిపెట్టుకొనడానికి మాత్రం వీలులేదు. 1907లోనే ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, కుజుడు అతిశీతలమని, అక్కడ జీవరాశి మనుగడ అసాధ్యమని లోవెల్ వాదాన్ని ఒక గ్రంథంలో ఖండించాడు. రెండు వాదాలలో కథకు అనువైనదాన్ని బరోస్ స్వీకరించాడు. కథకుడికి అది తప్పు కాదు; పాఠకుడు తెలుసుకోవలసిన విషయం మాత్రమే.

కథలోని గణితాన్ని పరీక్షించడం బడిపిల్లలకు చక్కని వినోదం. కుజుని గురుత్వాకర్షణ భూమిపై ఉన్నదానిలో సుమారు 38 శాతం. కనుక అదే వేగంతో పైకెగిరిన మనిషి అక్కడ రెండున్నర రెట్లకు కాస్త మించిన ఎత్తుకు వెళ్తాడు. నాయకుడు జాన్ కార్టర్ మాత్రం ఒక్క గెంతుతో 30 అడుగులు లేస్తాడు. అంటే భూమిపై అతడు 11 అడుగులు ఎగరగలిగి ఉండాలి! జీవశాస్త్రం మరీ విడ్డూరం. రాజకుమారి డేజా థోరిస్ గ్రుడ్లు పెట్టే జాతికి చెందినది. అయినా భూలోక మానవుడితో ఆమెకు సంతానం కలుగుతుంది. భూమిపై పుట్టిన మామిడిచెట్టుకూ మనిషికీ అయినా ఏనాటిదో ఒక ఉమ్మడి పూర్వజీవి ఉన్నది. వేరే గ్రహంలో వేరుగా పుట్టిన ప్రాణితో ఆపాటి చుట్టరికం కూడా ఉండదు.

ఇన్ని దోషాలున్నా ఈ కథలు చదివించాయి. కాశీమజిలీ కథలు విన్నవారికి, ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసినవారికి ఆ రహస్యం వేరే చెప్పనక్కరలేదు. ఆపద అంచున ఆగిపోయే ప్రకరణం, మాట తప్పని వీరుడు, కనీవినీ ఎరుగని దేశం — ఇవి ఏ భాషలోనైనా బాలల మనస్సును కట్టిపడవేస్తాయి. పైగా బరోస్ కల్పనలో ఒక విషాద సౌందర్యమున్నది. ఆ గ్రహానికి గాలి ఒక కర్మాగారం నుండి రావాలి. అది ఆగితే సకల ప్రాణులకూ ఊపిరి ఆగుతుంది. 2021లో కుజునిపై దిగిన ‘పెర్సెవరెన్స్’ వాహనంలోని చిన్న యంత్రం అక్కడి బొగ్గుపులుసు వాయువు నుండి 2023 నాటికి మొత్తం 122 గ్రాముల ప్రాణవాయువును తయారు చేసింది. ఒక చిన్న కుక్క పది గంటలు పీల్చుకొనడానికి అది సరిపోతుంది. కార్టర్ వెంట తిరిగే పదికాళ్ల పెంపుడు మృగం వూలాకు ఒక పూటకైనా చాలదు! కానీ ఊహకు, వాస్తవానికి మధ్య తొలి అడుగు పడింది. బాల్యంలో ఈ నవలలు చదివి, మైదానంలో నిలబడి, తనను తీసుకుపొమ్మని కుజుని వైపు చేతులు చాచిన బాలుడే తరువాత ఖగోళశాస్త్రవేత్త కార్ల్ సేగన్ అయ్యాడు. 1965లో ‘మారినర్ 4’ పంపిన చిత్రాలలో కాలువలు లేవు, గోతులున్నాయి. కల చెదిరినా కుతూహలం చెదరలేదు.

శాస్త్రదోషాన్ని సరిదిద్దడం సులభం. అంతకంటే లోతైన దోషం కథ స్వభావంలోనే ఉన్నది. కార్టర్ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన వర్జీనియా సైనికుడు. కథారంభంలో అపాచీ ఆదివాసులు కేవలం క్రూరులుగా కనిపిస్తారు. కుజునిపై అడుగుపెట్టిన ఈ పరాయివాడు కొద్దికాలంలోనే అక్కడివారందరినీ మించిన యోధుడవుతాడు, చివరికి వారికి సేనాధిపతి అవుతాడు. తమకు లేని నాయకత్వాన్ని ఎవరో దూరదేశీయుడు తెచ్చి పెడతాడన్న ఈ భావనే వలసపాలకులకు ఊతమయింది. రెండు శతాబ్దాలు ఆ భావన క్రింద నలిగినవారి మనుమలు ఈ కథ చదివేటప్పుడు, తాము ఏ పక్షాన నిలబడి చదువుతున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.

అదే నవలలో దీనికి విరుగుడు కూడా ఉండడం విశేషం. కార్టర్‌కు అక్కడి భాష, ఆచారాలు నేర్పేది సోలా అనే హరితవర్ణపు యువతి. నాలుగు చేతుల టార్స్ టార్కాస్‌తో అతని స్నేహం ఖడ్గయుద్ధాల కంటే చిరకాలం గుర్తుండిపోతుంది. పరాయి నేలపై జీవితం ప్రారంభించిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ భాగం అనుభవైకవేద్యం. క్రొత్తగా వచ్చినవాడిని నిలబెట్టేది అతని బలం కాదు, ఓపికతో మాట నేర్పే ఇరుగుపొరుగు.

కనుక ఈ పుస్తకాలను పిల్లల చేతిలోనుంచి లాగివేయడం వివేకం కాదు. నిర్లక్ష్యంగా వదిలివేయడమూ వివేకం కాదు. తల్లిదండ్రులు కూడా చదివి, భోజనాల వేళ రెండు ప్రశ్నలు అడిగితే చాలు: ఈ గెంతు సాధ్యమా? ఈ కథను అపాచీ పిల్లవాడు చెబితే ఎలా ఉంటుంది? మొదటి ప్రశ్న శాస్త్రాన్ని, రెండవది సంస్కారాన్ని నేర్పుతుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్యలో ప్రవేశించింది. దానికి దారి చూపినది కరవాలం కాదు, గణితం. కానీ ఎర్రని చుక్కను చూసి అక్కడికి వెళ్లాలని తహతహలాడే మనస్సు ముందు లేకపోతే, ఆ గణితం నేర్చుకొనే ఓపిక ఏ పిల్లవాడికి కలుగుతుంది?