మన పంక్‌కి డిస్కోగ్రఫీ లేదు

తెలుగులో పంక్ లేదట. పుస్తకావిష్కరణలు అయ్యాక టీ తాగే చోట ఈ మాట నాలుగైదుసార్లు విన్నాను. అందులో ఒకసారి అన్నది నేనే. "కోపాన్ని పాటగా మార్చి వీధిలో నిలబెట్టే సంగీతం మనకెందుకు పుట్టలేదు?" అని పెద్ద విమర్శకుడిలా మొహం పెట్టి మరీ అడిగాను. నాది జగ్గయ్యపేట. అక్కడ పుట్టినవాడు అడగకూడని ప్రశ్న అది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో నాకు పంక్ అంటే స్లైమ్. హాంబుర్గ్ నగరంలో 1979లో మొదలైన బ్యాండ్. మూడు కార్డులు, అరుపు, వీధి జర్మన్. 1981లో తొలి ఆల్బం వచ్చింది. పోలీసుల మీద కట్టిన పాట కోతల పాలైంది. ఇంకో పాట జర్మనీ చావాలి అంటుంది. అది ఊరికే పుట్టిన బూతు కాదు. హాంబుర్గ్‌లో 1936లో, నాజీల కాలంలో నిలబెట్టిన ఒక యుద్ధ స్మారకం ఉంది. మేం చచ్చినా సరే దేశం బతకాలి అన్న మాట దాని మీద చెక్కి ఉంటుంది. ఆ రాతికి ఈ పాట ఎదురు సమాధానం. 1997లో బెర్లిన్‌లో ఒక ప్రదర్శనలో ఈ పాట వినిపించినందుకు ఒకాయనకి శిక్ష పడింది. కేసు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇది కళ, దీన్ని కళగానే చదవాలి అని 2000 నవంబరులో తీర్పొచ్చింది. హైనే 19వ శతాబ్దంలో సైలీషియా నేతగాళ్ల మీద రాసిన కవితని కూడా కోర్టు ప్రస్తావించింది. అంటే జడ్జీలు ఒక పంక్ పాటని సాహిత్య చరిత్రలో ఎక్కడ పెట్టాలో ఆలోచించారన్నమాట.

బ్యాండ్ రెండుసార్లు విడిపోయింది, రెండుసార్లు కలిసింది. 2012లో ఎరిష్ మ్యూజామ్ కవితలకి బాణీలు కట్టి ఆల్బం తెచ్చారు. మ్యూజామ్‌ని 1934లో నాజీలు ఒరానియెన్‌బుర్గ్ శిబిరంలో చంపేశారు. ఇదంతా నాకు నోటికొచ్చు. ఏ ఆల్బం ఏ ఏడు వచ్చింది, ఏ పాటకి ఏ కేసు పడింది, ఏది అడిగినా చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం.

ముగ్గురు మనుషులు. నడుమ ఉన్న కథకుడి చేతిలో తంబురా, వేళ్లకి అందెలు. ఇటొకరు, అటొకరు, వంతపాటకి, డక్కీలు వాయించడానికి. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కరెంటు అక్కర్లేదు, స్టేజీ అక్కర్లేదు, మూడు మంచాల కర్రలు, ఒక పెట్రోమాక్స్ లైటు ఉంటే ఊరి నడిబొడ్డున తెల్లవార్లూ నడుస్తుంది. జంగం కథల నుంచి వచ్చిన ఈ బుర్రకథని 1940లలో ప్రజానాట్యమండలి తీసుకుని రైతు గురించి, కౌలు గురించి, వెట్టి గురించి, తెలంగాణ గురించి చెప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఆడితే వేలమంది కదలకుండా కూర్చునేవాళ్లు. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి ఆడవాళ్ల దళం కట్టారు. మంచి ఇళ్ల ఆడవాళ్లు వీధిలో గజ్జె కట్టడమా అని ఊళ్లు నోళ్లు నొక్కుకునే రోజులవి. మొహానికి పిన్నీసులు గుచ్చుకోవడం కన్నా ఇది తక్కువ తెగింపు అని ఎవరైనా అంటే వాళ్లతో నాకు వాదన లేదు, నమస్కారం.

నిషేధాల లెక్క చూద్దాం. బుర్రకథని ఇటు మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, అటు నిజాం ప్రభుత్వమూ నిషేధించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఇప్పుడు మ్యాపులో జగ్గయ్యపేట ఎక్కడుందో చూడండి. గరికపాడు దాటితే కోదాడ. ఆ రోజుల్లో అది రెండు రాజ్యాల సరిహద్దు. భాష, నాణెం, పోలీసు టోపీ అన్నీ మారిపోయే గీత. ఆ గీతకి రెండువైపులా ఉన్న సర్కార్లు దేనిమీదా ఒప్పుకోలేదు గానీ ముగ్గురు మనుషులు తంబురా పట్టుకుని నిలబడకూడదు అన్నదాని మీద మాత్రం ఒక్కటయ్యాయి.

ఇంకో చిక్కుముడి మునగాల. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మునగాల పరగణా, పాలన మాత్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. మునగాల రాజా నాయని వెంకట రంగారావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఒకరు. మన సాహిత్య చరిత్రలన్నీ ఆ పేరుకి దండం పెడతాయి, పెట్టాల్సిందే. అదే పరగణాలో 1930లలో వెట్టికి, జమీందారీ దౌర్జన్యానికి ఎదురుగా రైతులు లేచారు. గ్రంథాలయం పెట్టిన జమీందారు పేరు మనందరికీ తెలుసు. ఆ రైతుల పక్షాన గొంతెత్తినవాళ్ల పేర్లు చెప్పమంటే నేను నీళ్లు నమిలాను. మన చదువు ఎవరి వైపు నుంచి వచ్చిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలదూ?

నా మాటకి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అవి నావి కూడా.

మొదటిది: బుర్రకథ పాత రూపం, పంక్ అంటే పాతదాన్ని తగలెయ్యడం. ఇది టీషర్టు మీది పంక్. స్లైమ్ వాళ్లు మ్యూజామ్ దగ్గరికి ఎందుకెళ్లారు? పంక్ వాడిన మూడు కార్డులు మాత్రం ఎక్కడివి? అంతకు ముందరి రాకెన్రోల్‌వి. చేతికి దొరికిన చవకైన వాయిద్యాన్ని, జనానికి ముందే చెవికెక్కిన లయని తీసుకుని చెప్పకూడని మాట చెప్పడమే ఇక్కడ పని. హాంబుర్గ్‌లో దొరికింది గిటారు, నందిగామలో దొరికింది డక్కీ.

రెండోది గట్టిది. ప్రజానాట్యమండలి వెనక కమ్యూనిస్టు పార్టీ ఉంది. పైనుంచి లైను వస్తుంది, కింద పాట కడతారు. ఎవరి మాటా విననివాడు కదా పంక్? దీన్ని నేను కొట్టిపారెయ్యను. 2012లో వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' చదివినవాళ్లెవరూ కొట్టిపారెయ్యలేరు. ఉద్యమం కోసం పాడిన ఒక మనిషి అజ్ఞాతవాసం, ఒంటరితనం దాటుకుంటూ ఎంత మూల్యం చెల్లించిందో అందులో ఉంది. కానీ బుర్రకథలో పార్టీకి పూర్తిగా అందని చోటు ఒకటుంది. అది హాస్యగాడిది. కథ కాగితం మీద వస్తుంది. హాస్యం మాత్రం ఏ ఊళ్లో ఆ ఊరిది, ఏ రాత్రి ఆ రాత్రిది.

మా పెద్దతాతయ్య చిన్నప్పుడు నందిగామ వైపు ఒక ఊళ్లో చూసిన కథ గురించి చెప్పేవాడు. హాస్యగాడు ముందు వరసలో కూర్చున్న మునసబుని చూసి, ఆయన నడక నడిచి చూపించాడట. అందరికంటే గట్టిగా నవ్వింది మునసబేనట. నవ్వాక అర్థమైందట. "అప్పుడాయన మొహం చూడాల్సింది రా అబ్బాయ్" అని డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మా తాతయ్య నవ్వేవాడు. ఆ నవ్వు ఏ పార్టీ తీర్మానంలోంచీ రాలేదు.

మూడోది: ఇవన్నీ జానపద కళలు, వాటికి వేరే గౌరవం ఉంది కదా. నా అసలు గొడవ ఈ గౌరవంతోనే.

'జానపదం' అన్న ముద్ర పడగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, రాసిన మనిషి మాయమైపోతాడు. సుంకర రాసిన 'కష్టజీవి' బుర్రకథని ఒక రచనగా, దాని ఛందస్సు, ఎత్తుగడ, వైఫల్యాలు సహా విమర్శించిన వ్యాసాలు ఎన్ని చదివాం మనం? రెండోది, కోపం మాయమైపోతుంది. తంబురా, తలపాగా, పంచెకట్టు మిగులుతాయి. ఆ మిగిలిన బొమ్మని సర్కారు ఎత్తుకెళ్లింది. నిషేధించిన చేత్తోనే కుటుంబ నియంత్రణ మీద, టీకాల మీద, పథకాల మీద బుర్రకథ చెప్పించింది. టీకా మంచిదే, నాకేం పేచీ లేదు. కానీ సర్కారుని ఎగతాళి చెయ్యడానికి పదునెక్కిన హాస్యగాడి నాలుకతో సర్కారు కరపత్రం చదివించడం ఆ కళకి జరిగిన అసలు ఓటమి. పోలీసులు చెయ్యలేని పని శాలువా చేసింది.

ఇది మనకే జరగలేదు. డ్యుసెల్డార్ఫ్‌లో 1982లో పుట్టిన పంక్ బ్యాండ్ డి టోటెన్ హోసెన్ పాటని, 2013లో ఎన్నికలు గెలిచిన రాత్రి అంగెలా మెర్కెల్ పార్టీవాళ్లు వేదికెక్కి పాడుకున్నారు. తర్వాత మెర్కెల్ గాయకుడికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది. అక్కడ కనీసం ఫోనైనా వచ్చింది. ఇక్కడ 1972లో మొదలైన జననాట్యమండలి గొంతు గద్దర్. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టులో పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా వాళ్లకి గద్దర్ పేరుమీద అవార్డులిస్తోంది. ఆ లాంఛనాలు తప్పని నేననను. ఆయన అభిమానులు కోరుకున్నారు, ఆయనే చివర్లో చాలా దారులు మార్చారు. కానీ అవార్డు ఇచ్చిన రోజు ఆ తూటా సంగతి ఎవరైనా ఎత్తారా అని అడిగే హక్కు మాత్రం వదులుకోను.

ఇంతకీ నష్టం ఏమిటంటారా? నష్టం చాలా చిన్నగా, చాలా నిర్దిష్టంగా ఉంది. ఒకసారి మా పెద్దతాతయ్యని అడిగాను: "ఆ రోజు కథ చెప్పినవాళ్ల పేర్లేంటి తాతయ్యా?"

"పేర్లెవరు అడిగేవాళ్లురా? ఏ ఊరి దళం అని అడిగేవాళ్లం, అంతే. పేరు తెలిస్తే పోలీసులొచ్చి మన్ని తంతారు గదా."

అంటే పేర్లు లేకపోవడం మన జనం అశ్రద్ధ కాదు. నిషేధం మిగిల్చిన గుర్తు అది. కానీ అప్పటి భయం పోయి డెబ్బై ఏళ్లయింది. ఆ తర్వాత పేర్లు అడక్కపోవడం మాత్రం మన అశ్రద్ధే. ఆయన ఆ మాట అన్నప్పుడు నా జేబులో ఫోనుంది, దాన్లో రికార్డరుంది. నేను నొక్కలేదు. ఆ సాయంత్రం స్లైమ్ పాత కచేరీ ఒకటి డౌన్‌లోడ్ అవుతోంది, అది చూసుకుంటున్నాను. 2019లో ఆయన పోయారు.

కాబట్టి తెలుగులో పంక్ లేదు అనకండి. మన దగ్గర లేనిది డిస్కోగ్రఫీ. బ్యాండ్లు ఉన్నాయి, నిషేధాలు ఉన్నాయి, లాఠీలు ఉన్నాయి, అమ్ముడుపోవడం కూడా ఉంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ కథ అన్నది రాసిపెట్టినవాళ్లు తక్కువ. నాజర్ ఆత్మకథ 'పింజారి'ని కూర్చుని విని రాసిన అంగడాల వెంకట రమణమూర్తి లాంటివాళ్లు ఊరికొకరు ఉండి ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు.

నేనో ఎక్సెల్ షీట్ మొదలెట్టాను, నాకొచ్చిన విద్య అది. ఊరు, ఏడు, కథ పేరు, కథకుడు, వంతలు, పోలీసులొచ్చారా లేదా. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు, మునగాల చుట్టుపక్కల మీ ఇళ్లలో ఎనభై దాటినవాళ్లుంటే ఈ పండక్కి వెళ్లినప్పుడు పక్కన కూర్చోండి, రికార్డరు నొక్కండి. ఇప్పటికి నా షీట్‌లో ఒక్కటే వరస ఉంది. ఊరు ఉంది, ఏడు సుమారుగా ఉంది, మునసబు నవ్వాడని ఉంది. పేర్లున్న చోట మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి.