పక్కింటికి జోనింగ్ అనుమతి: భయపడితే సరిపోదు, షరతు అడగాలి

మొన్నామధ్య మా ఇంటికి సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. పక్కింటాయన తన పాత ఇంటిని పైల్స్ మీదకు లేపి, ఇంకో అంతస్తు వేసి, మా వైపు డెక్ కట్టుకుంటానని జోనింగ్ బోర్డుకు దరఖాస్తు పెట్టారు. మేముండేది న్యూజెర్సీ తీరంలో, సముద్రానికి రెండు వీధుల అవతల. ఇళ్ల మధ్య సందులు చాలా ఇరుకు.

ఆ సాయంత్రానికే వీధి వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. వాన నీళ్లు మన మీదకు తోస్తారని ఒకరు, పైల్స్ దించితే మన గోడలు బీటలు వారతాయని ఇంకొకరు, మంటలు లేస్తే ఈ సందులోకి ఫైర్ వాళ్లు ఎలా వస్తారని మరొకరు. వీధి చివర ఉండే తెలుగాయన మాత్రం “మనకెందుకండీ గొడవ, రోజూ మొహాలు చూసుకునేవాళ్లం” అన్నారు. నేనూ దాదాపు ఆయన మాటకే వచ్చేశాను. కానీ ఫైలు తెప్పించి చదివాక విషయం వేరుగా కనిపించింది.

మొదట తెలుసుకోవాల్సింది, ఇల్లు లేపడం ఆయన సరదా కాదు. ఫెమా గుర్తించిన వరద ముప్పు ప్రాంతంలో రెనొవేషన్ ఖర్చు ఇంటి మార్కెట్ విలువలో 50 శాతానికి చేరితే, ఇల్లు మొత్తాన్నీ ఇప్పటి వరద నిబంధనలకు తగ్గట్టు మార్చాల్సిందే. ఈ లెక్కలో స్థలం విలువ కలవదు. కట్టడం విలువ 3 లక్షల డాలర్లయితే, లక్షన్నర ఖర్చు పెట్టేసరికి ఆ గీత తగులుతుంది. విశాఖ, భీమిలి వైపు స్థలాలున్న మనవాళ్లకు సీఆర్‌జెడ్ తెలిసే ఉంటుంది. అక్కడ ప్రధానంగా చూసేది పోటు గీతకు ఎంత దూరంలో కట్టారని. ఇక్కడ చూసేది ఎంత ఎత్తులో కట్టారని.

2012 అక్టోబర్ 29న అట్లాంటిక్ సిటీ దగ్గర తీరం దాటిన శాండీ తుపాను తర్వాత, వరద నిబంధన కోరినంత మేరకు ఇల్లు ఎత్తు పెంచుకోవడానికి ఈ రాష్ట్రం చట్టంలోనే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ‘లేపొద్దు’ అని వాదిస్తే నిలవదు. బోర్డు ముందున్న అసలు ప్రశ్న అదనపు అంతస్తు, సరిహద్దు వైపు జరిగే డెక్.

రెండోది, బోర్డు పరిధి. ఇంటి ఎత్తు, సరిహద్దు నుంచి వదలాల్సిన జాగా, స్థలంలో ఎంత భాగం కట్టడం ఉండొచ్చు వంటివి దాని పని. పునాది బలం, వైరింగ్ చూసేది కన్‌స్ట్రక్షన్ అధికారి. వరద నిబంధనలు చూసేది ఫ్లడ్‌ప్లెయిన్ అధికారి. అంటే జోనింగ్ అనుమతి వచ్చినంత మాత్రాన ఆ కట్టడానికి భద్రతా సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు. అలాగని భద్రత గురించి అక్కడ మాట్లాడకూడదనీ కాదు. ప్రజా ప్రయోజనానికి గణనీయమైన నష్టం కలిగేలా ఉంటే వేరియన్స్ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టమే చెబుతోంది. మన మాటకు చోటు అక్కడుంది.

ఇక భయాల్లో బలమైనదేది? నా లెక్కలో అగ్గి భయం. శాండీ రాత్రి న్యూయార్క్‌లోని బ్రీజీ పాయింట్‌లో వందకు పైగా ఇళ్లు కాలిపోయాయి. ఉప్పునీరు ఒక ఇంటి వైరింగ్‌కు తగిలి మంట పుట్టింది. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, పైగా పెనుగాలి. వరద నీళ్లలో ఫైర్ ఇంజన్లు త్వరగా చేరలేకపోయాయి. సరిహద్దు దగ్గర వదిలే నాలుగడుగుల జాగా అందం కోసం కాదని ఆ రాత్రి చెప్పింది.

నీళ్ల భయం సగం నిజం. పైల్స్ మీద నిలబడ్డ ఇంటి కింద నుంచి వరద పారిపోతుంది. స్థలంలో మట్టి పోసి ఎత్తు చేసినా, కింద గోడలు కట్టేసినా మాత్రం నీళ్లు పక్కవాళ్ల మీదకు మళ్లొచ్చు. కాబట్టి అడగాల్సింది డ్రైనేజీ ప్లాన్. పైల్స్ ప్రకంపనలకూ మార్గముంది. సుత్తి దెబ్బలతో కాకుండా స్క్రూలా తిప్పి దించే హెలికల్ పైల్స్ ఉన్నాయి.

ఈ రాష్ట్రంలో 200 అడుగుల లోపు స్థలాల యజమానులకు హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలి. ప్లాన్లు, పత్రాలు కూడా అప్పటికే చూడటానికి అందుబాటులో ఉండాలి. హియరింగ్‌లో దరఖాస్తుదారు ఇంజనీర్‌ను మనమే ప్రశ్నించవచ్చు. అక్కడ ‘మాకు భయంగా ఉంది’ అంటే రికార్డులో మిగిలేది తక్కువ. వాన తర్వాత నీళ్లు నిలిచిన ఫొటోలు తేదీలతో చూపిస్తే పని జరుగుతుంది.

మేం నలుగురం అలాగే వెళ్లాం. వద్దనలేదు, షరతులు అడిగాం. బోర్డు అనుమతి ఇచ్చింది. డ్రైనేజీ ప్లాన్ ఇవ్వాలని, పని మొదలయ్యే ముందు పక్క ఇళ్ల గోడలు ఫొటోలు తీసి నమోదు చేయాలని తీర్మానంలో రాసింది. మా వైపు డెక్‌ను వెనక్కి జరిపించింది. అదనపు అంతస్తు మాత్రం ఆగలేదు. ఆ అంతస్తు వల్ల ప్రమాదమని చూపడానికి మా దగ్గర ఆధారమేమీ లేదు. నిర్ణయం నచ్చకపోతే అది ప్రచురితమైన నాటి నుంచి 45 రోజుల్లో కోర్టుకు వెళ్లొచ్చు. మేం వెళ్లలేదు.

ఇప్పుడు వీధిలో అన్నిటికంటే కిందున్న ఇల్లు మాది. ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్ ఇంటి కట్టడానికి ఇచ్చేది గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లే. రేపు మేమూ లేపక తప్పదేమో. అప్పుడు సర్టిఫైడ్ ఉత్తరం పక్కింటాయనకు వెళ్తుంది. ఆయన కూడా వచ్చి షరతులే అడగాలని నా కోరిక. అందుకే అలాంటి ఉత్తరం మీకొస్తే పక్కన పడేయకండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఆ ఒక్క సాయంత్రం వెళ్లి మీ మాట రికార్డులో పడేలా చెప్పి రావడానికి.