గ్లాసు తెనాలి దాటలేదేం?

తెనాలి జంక్షన్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మెయిన్ లైన్లో పోతే బాపట్ల, బ్రాంచి లైన్లో పోతే రేపల్లె. ఈసారి ఊరెళ్ళినప్పుడు రేపల్లెలో మా బాబాయి కొడుకు ఓ మాటన్నాడు. మొదట్నుంచీ జనసేన జెండా మోస్తున్నవాడు. "అన్నయ్యా, మా పార్టీ ప్రభుత్వంలో ఉంది గానీ మా ఊళ్ళో లేదు."

నవ్వేసి ఊరుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే వాడన్నది నిజమే.

2024లో జనసేన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ సీట్లలో పోటీచేసి అన్నీ గెలిచింది. తెనాలి అందులో ఒకటి, అక్కడ గెలిచిన నాదెండ్ల మనోహర్ మంత్రయ్యారు. పక్కనే ఉన్న రేపల్లె, బాపట్ల మాత్రం పొత్తులో తెలుగుదేశానికి పోయాయి. అక్కడ గ్లాసు కోసం తిరిగినవాళ్ళంతా సైకిలుకి ఓటేసి ఇంటికెళ్ళారు.

పొత్తు తప్పని నేననను. 2019లో ఒక్కటే సీటు, పవన్ కళ్యాణ్ రెండు చోట్లా ఓడిపోయారు. 2022 మార్చిలో ఇప్పటం సభలో, ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని ఆయన ముందే చెప్పారు, చెప్పినట్టే చేశారు. 2008లో పుట్టిన ప్రజారాజ్యం 18 సీట్లు గెలిచి కూడా 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2006లో పార్టీగా మారిన లోక్‌సత్తాకి 2009లో దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే. వాటితో పోలిస్తే 2014లో పుట్టి ఇంకా నిలబడి ఉండటమే గొప్ప.

కానీ నిలబడటం వేరు, నడవటం వేరు. ఎటు నడవాలన్నది మొదటి ప్రశ్న. 2014లో తెలుగుదేశం, బీజేపీలకు మద్దతు. 2019లో వామపక్షాలు, బీఎస్పీ. 2020లో మళ్ళీ బీజేపీ, 2023లో మళ్ళీ తెలుగుదేశం. మధ్యేమార్గమంటే పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళని బట్టి జరగటం కాదు కదా! కృష్ణా కాలవ శివారు భూములకి నీళ్ళందే విషయంలో మిగతా పార్టీల కన్నా ఈ పార్టీ వేరుగా ఏం చేస్తుందో రేపల్లె రైతుకి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

రెండోది నాయకత్వం. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. మనం రాసే చిన్న అప్లికేషన్‌కే బ్యాకప్ సర్వర్ లేకపోతే మేనేజరు ఒప్పుకోడు. పార్టీ మొత్తం ఒక్క మనిషి మాట మీద, ఆయన తీరిక మీద నడిస్తే ఎలా?

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి లిబరల్ డెమోక్రాట్ల కథ తెలుసు. 2010లో 57 మంది ఎంపీలతో పెద్ద పార్టీ పక్కన ప్రభుత్వంలో చేరారు. 2015లో మిగిలింది 8 మంది. అక్కడితో అయిపోయిందనుకున్నారంతా. 2024లో 72 మందితో తిరిగొచ్చారు. నాయకుడు మారినా ఊరూరా కౌన్సిలర్లు, కార్యకర్తలు ఉండటం ఆ పార్టీకి ఆసరా అయింది. నాయకుణ్ణి ఎన్నుకునేది కూడా సభ్యులే.

జనసేనకి 2025 జనవరిలో రాష్ట్ర పార్టీగా గుర్తింపొచ్చింది, గ్లాసు గుర్తు ఖాయమైంది. గుర్తొచ్చింది, ఇక మనుషులు కావాలి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ మునిసిపాలిటీ, ఎంపీటీసీ ఎన్నికల్లో ఉంటాయి. రేపల్లె, బాపట్ల వార్డుల్లో కొన్నయినా గ్లాసు గుర్తుతో పోటీచెయ్యాలి. మండల కమిటీల్ని పైనుంచి నియమించకుండా సభ్యుల ఓటుతో ఎన్నుకోవాలి.

"అలా చేస్తే పొత్తు చెడుతుంది" అనేవాళ్ళుంటారు. నాలుగు వార్డులు అడిగితే చెడే పొత్తు, రేపు నలభై సీట్లు అడిగితే నిలుస్తుందా?

మావాడు వచ్చే ఎన్నికల్లో కూడా జెండా మోస్తాడు, నాకు తెలుసు. ఆ జెండాకి సొంత ఊళ్ళో ఓటేసుకునే అవకాశం వాడికి ఇవ్వాలా వద్దా? మీరేమంటారు?