కథలు చదివితే లాయరు కాకూడదా?

మా మణుగూరులో ఏ ఆడపిల్లైనా "డిగ్రీలో సాహిత్యం చదివి, తర్వాత లా చేస్తా" అంటే చాలు, "కథలూ సినిమాలూ కోర్టులో కూడు పెడతాయా?" అని మొదలెడతారు పెద్దవాళ్లు. నన్నడిగితే లా కాలేజీలో అవే ముందు చెప్పాలి!

గురజాడ 'కన్యాశుల్కం' తీసుకోండి. 1897లో అచ్చయిన పుస్తకానికి ఆయన రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఓ లెక్కుంది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు! విజయనగరం మహారాజావారు తీయించిన జాబితా అది. బాల్యవివాహాలపై శారదా చట్టం వచ్చింది మాత్రం 1929లో. ఆ అంకెలు ఎవరికి గుర్తున్నాయి చెప్పండి? సుబ్బి గుర్తుంది. 1955 నాటి సినిమాలో మధురవాణిగా సావిత్రి గుర్తుంది.

ఆ నాటకంలో వకీలు సౌజన్యారావు పంతులు మంచివాడే. కానీ వేశ్య ముఖం చూడనన్న పట్టుదల మనిషి. కేసు గుట్టు తెలిసింది మధురవాణికే! ఆవిణ్ణి రానివ్వకపోతే లుబ్ధావధాన్లు గతేమిటి?

మా ఏజెన్సీలో గిరిజనుల భూమి చేతులు మారకూడదని 1970 నుంచీ 1/70 చట్టం ఉంది. దాని సెక్షన్లు బట్టీపట్టొచ్చు. కోయభాషలో తన గోడు చెప్పుకునే అవ్వ మాట ఓపిగ్గా వినడం ఏ సెక్షన్ నేర్పుతుందండీ?

అన్నట్టు, మూడేళ్ల ఎల్.ఎల్.బి.కి ఫలానా గ్రూపే చదివుండాలని లేదు. తెలుగు సాహిత్యంతో బి.ఏ. చేసినా లాసెట్ రాయొచ్చు. అమ్మాయిని ఆపేముందు ఆ సంగతైనా కనుక్కోండి.