బస్తర్ కేసులకు ప్రత్యేక న్యాయమూర్తి ఎవరు?

మన చింతూరు సరిహద్దుకు ఆవలనున్న సుక్మా జిల్లాలోని బుర్కాపాల్ వద్ద 2017 ఏప్రిల్ 24న మావోయిస్టులు జరిపిన దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు అమరులయ్యారు. ఆ కేసులో 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో దంతెవాడలోని ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. వారు ఘటనా స్థలంలో ఉన్నారనేందుకు ఆధారం దొరకలేదు. ఆ మాట తేలేసరికి వారిలో అత్యధికులకు అయిదేళ్లు జైలులోనే గడిచిపోయాయి. జవాన్ల కుటుంబాలకు సైతం ఈ తీర్పుతో దక్కిన న్యాయమేమీ లేదు.

ఇటువంటి కేసులను పనిదినాలన్నిటా రోజువారీగా, ఇతర కేసులకన్నా ముందుగా విచారించాలని 2008 నాటి ఎన్‌ఐఏ చట్టమే నిర్దేశించింది. మరి జాప్యం ఎక్కడ?

మూలచట్టం ప్రకారం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుపై కేంద్రం ప్రత్యేక న్యాయమూర్తిని నియమించేది. అప్పటికే సెషన్స్ జడ్జి లేదా అదనపు సెషన్స్ జడ్జిగా ఉన్నవారే అందుకు అర్హులు. 2019 సవరణతో ఈ పద్ధతి మారింది. ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి, ఉన్న సెషన్స్ కోర్టునే ప్రత్యేక న్యాయస్థానంగా కేంద్రం ప్రకటించవచ్చు. ఇందులో సౌలభ్యం లేకపోలేదు: న్యాయమూర్తి బదిలీ అయిన ప్రతిసారీ కొత్త నియామకపు ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. అయితే హత్య, దోపిడీ వంటి మామూలు కేసుల భారం మోస్తున్న న్యాయమూర్తి నెత్తినే ఈ బరువూ పడుతుంది. బోర్డు మారుతుంది, బల్లమీది దస్త్రాలు తగ్గవు.

సుప్రీంకోర్టు 2025 జూలైలో ఎత్తిచూపిన లోపం సరిగ్గా ఇదే. బస్తర్‌ను ఆనుకొని ఉన్న గడ్చిరోలిలో 2019లో పోలీసులపై జరిగిన మందుపాతర దాడి కేసులో నిందితుని బెయిలు అభ్యర్థన విచారణకు వచ్చింది. ఉన్న కోర్టులకు కొత్త పేరు పెట్టడం చాలదనీ, అదనపు న్యాయస్థానాలు నెలకొల్పకుంటే నిందితులకు బెయిలు ఇవ్వక తప్పదనీ ధర్మాసనం హెచ్చరించింది. ఉపా చట్టం కింద బెయిలు ఎంత దుర్లభమో తెలిసినవారికి ఈ హెచ్చరిక తీవ్రత బోధపడుతుంది.

బస్తర్‌లో మరో చిక్కు ఉంది. కోర్టు వ్యవహారం హిందీలో సాగుతుంది. నిందితులలోనూ సాక్షులలోనూ అనేకులది గోండి లేదా హల్బీ. సాక్ష్యాన్ని నిందితునికి తెలిసిన భాషలో వినిపించాలన్నది చట్టం. దుబాసీ రాని రోజున రోజువారీ విచారణ అన్న మాటకు అర్థమే ఉండదు.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేయడం తన లక్ష్యమని కేంద్రం ప్రకటించింది. తుపాకులు మౌనం వహించినా అభియోగపత్రాలు కోర్టుల్లోనే ఉంటాయి. వాటి విచారణకే పరిమితమయ్యే న్యాయమూర్తి కావాలంటే పదవిని రాష్ట్రం మంజూరు చేయాలి, తగినవారిని బిలాస్‌పూర్ హైకోర్టు కేటాయించాలి, కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి.