గ్రామసభకు బయటివాళ్ళెవరు?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా భామ్రాగడ్, ఎటపల్లి తాలూకాల్లో గని గురించి గ్రామసభ కూర్చుందంటే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. గని వద్దని ఊరు తీర్మానం చేస్తే, వీళ్ళను వెనకనుంచి ఎవరో ఆడిస్తున్నారని ఒక మాట. గని కావాలని సంతకాలు పడితే, కంపెనీ వీళ్ళను కొనేసిందని ఇంకో మాట. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, రెండింటికీ మూలం ఒకటే. అక్కడి ఆదివాసీ అయిన మాడియా గోండు మనిషికి తనంతట తానుగా ఒక అభిప్రాయం ఉంటుందని ఇద్దరూ ఒప్పుకోరు.

బయటి జోక్యం గురించి భయపడడం తప్పని నేను అనను. ఆ భయానికి ఆధారాలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో చేరడాన్ని రాజ్యాంగంలో లక్ష్యంగా రాసుకోవాలా వద్దా అని 2024 అక్టోబర్ 20న మాల్డోవా ప్రజలు ఓటేశారు. అవునన్నవాళ్ళు సగానికి కొద్దిగా పైన తేలారు, తేడా పదివేల ఓట్ల చిల్లర. మాస్కోలో తలదాచుకున్న ఇలాన్ షోర్ అనే వ్యాపారి తరఫున రష్యా బ్యాంకు ద్వారా లక్షమందికి పైగా జనం ఖాతాల్లో డబ్బు పడిందని అక్కడి పోలీసులు ఓటింగుకు ముందే బయటపెట్టారు. 2016 బ్రెగ్జిట్ ఓటింగులో రష్యా వేలు పెట్టిందా అన్న ప్రశ్నకు బ్రిటన్ పార్లమెంటు నిఘా కమిటీ 2020 జులైలో ఇచ్చిన జవాబు ఇంకా కలవరపెడుతుంది: ప్రభుత్వం అసలు ఆ సంగతి తెలుసుకోవడానికే ప్రయత్నించలేదని. చిన్న దేశమైనా పెద్ద దేశమైనా జనం ఓటును బయటి డబ్బు నుంచి కాపాడుకోవాల్సిందే.

కానీ మన రాజ్యాంగంలో అలా జనాన్ని నేరుగా అడిగే రెఫరెండానికి చోటు లేదు. ఈ సరిహద్దు ప్రాంతపు చరిత్ర చూస్తే ఆ లోటు ఎంతటిదో తెలుస్తుంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చినప్పుడు వాటిలో ఒకటైన సిరొంచను ఎవరూ అడగలేదు. సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాను 1874లో చాందా జిల్లాలో కలిపినప్పుడూ అడగలేదు. 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లాకు మారినప్పుడూ అంతే. మేడిగడ్డ దగ్గర గోదావరికి అడ్డంగా వంద మీటర్ల మట్టంతో బ్యారేజీ కట్టుకోవడానికి 2016 ఆగస్టు 23న తెలంగాణ, మహారాష్ట్ర ముఖ్యమంత్రులు ముంబయిలో సంతకాలు చేశారు. ఆ నీళ్ళు ఎక్కిన పొలాలు సిరొంచ తెలుగు రైతులవి. పరిహారం కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు. ఒడ్డుకు అటూ ఇటూ మాట్లాడుకునేది ఒకే భాష అయినా, వీళ్ళ మాట అటువైపు పెద్దగా వినిపించలేదు.

అందుకే గ్రామసభకు ఇంత విలువ. ఈ నేలమీద మనిషిని పిలిచి, నీ ఊరి భూమి ఇవ్వాలా వద్దా అని అడిగే చట్టబద్ధమైన చోటు అదొక్కటే. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఆ చోటును కల్పించాయి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభలో సగం మందికి తక్కువ కాకుండా హాజరుండాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. దీనికి పెద్ద పరీక్ష ఒడిశా నియమగిరిలో జరిగింది. తెలుగు మాట బాగా వినిపించే రాయగడ జిల్లాలోనూ కలహండిలోనూ గ్రామసభలు పెట్టి బాక్సైట్ గనిపై అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందులను అడగమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా సభలు జరిగాయి. ప్రతి సభలో ఒక జిల్లా జడ్జి కూర్చున్నారు. కొండమీదా చుట్టూతా వందకు పైగా ఊళ్ళుంటే రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండింటినే రాష్ట్ర ప్రభుత్వం ఎంచింది, ఆ పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది.

విదేశీ జోక్యం అన్న నింద ఎక్కువగా పడిన ఓటు కూడా ఇదే. నిజమే, విదేశాలు ఆ కొండ దగ్గర ఉన్నాయి. గని కోరిన వేదాంత అప్పట్లో లండన్ స్టాక్ ఎక్స్చేంజిలో నమోదై ఉన్న కంపెనీ. దాన్ని వ్యతిరేకించిన సర్వైవల్, ఆమ్నెస్టీ కూడా లండన్ సంస్థలే. నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి 2007లోనే ఆ కంపెనీ షేర్లు అమ్మేసింది, ఇంగ్లండ్ చర్చి 2010లో అమ్మింది. రెండువైపులా విదేశం ఉన్నప్పుడు ఒక వైపుదాన్ని పెట్టుబడి అని, రెండోవైపుదాన్ని కుట్ర అని పిలిచే హక్కు ఎవరికుంది?

ఆ హక్కును మన ప్రభుత్వాలు తీసుకున్నాయి. కూడంకుళం అణు విద్యుత్ కేంద్ర వ్యతిరేక ఉద్యమం వెనక అమెరికా సంస్థలున్నాయని 2012లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక విదేశీ సైన్సు పత్రికకే చెప్పారు. 2014 జూన్‌లో బయటికొచ్చిన ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక, విదేశీ నిధుల సంస్థల వల్ల దేశం వృద్ధి రేటు ఏటా రెండు మూడు శాతం తగ్గుతోందని రాసింది. 2015 జనవరిలో గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్ళైని ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. మధ్యప్రదేశ్ మహాన్ అడవిలో బొగ్గు గని గురించి ఆమె బ్రిటన్ ఎంపీల ముందు మాట్లాడబోతున్నారు. ఆమెపై జారీ చేసిన లుకౌట్ సర్క్యులర్‌ను రెండు నెలల తర్వాత ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఇదే కాలంలో జరిగిన మరో సంగతి తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. విశాఖపట్నంలో ఉంటున్న కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ, ఎన్నికల సంస్కరణల సంస్థ ఏడీఆర్ కలిసి ఢిల్లీ హైకోర్టుకెక్కారు. వేదాంత గుంపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకున్నాయని, అది విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని వారి ఫిర్యాదు. రెండు పార్టీలూ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చి 28న కోర్టు తేల్చింది, చర్య తీసుకోమంది. చర్యకు బదులు చట్టం మారింది. 2016 ఆర్థిక చట్టంలో విదేశీ మూలం అన్న నిర్వచనాన్ని సడలించి 2010 నుంచి వర్తింపజేశారు. అదీ చాలక 2018లో ఆ సడలింపును ఇంకా వెనక్కి, చట్టం పుట్టిన 1976 దాకా జరిపారు. పార్టీలకు ఇలా వెనకటి తేదీతో క్షమాపణ దొరికింది. స్వచ్ఛంద సంస్థలకు మాత్రం 2020 సవరణతో మెడ బిగిసింది. విదేశీ డబ్బంటే దేశానికి ప్రమాదమని పాలకులు నిజంగా నమ్మితే, ముందు తమ పార్టీ ఖాతాలనుంచి మొదలుపెట్టి ఉండేవాళ్ళు.

మన విశాఖ మన్యంలో విదేశీ జోక్యానికి ఇంకో రూపం చూశాం. యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ భాగస్వామిగా మాకవరపాలెంలో అన్‌రాక్ అల్యూమినా కర్మాగారం కట్టారు, చింతపల్లి కొండల బాక్సైట్ వస్తుందన్న మాట నమ్మి. 2015 నవంబర్‌లో 1,212 హెక్టార్ల అడవిలో తవ్వకానికి జీవో 97 వస్తే మన్యం మొత్తం లేచింది, ప్రభుత్వం వెనక్కి తగ్గక తప్పలేదు. ఆ తర్వాత ఆ విదేశీ సంస్థ పెట్టుబడుల ఒప్పందం పట్టుకుని భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది. ఒక కొండ జాతి తన కొండను ఇవ్వనంటే, సముద్రం అవతలి ప్రభుత్వం నష్టపరిహారం అడిగే పరిస్థితి ఇది. దీన్ని జోక్యం అని మన పత్రికల్లో ఎవరైనా రాశారా? ఇంతకంటే నేరుగా ప్రజల నిర్ణయం మీద పడే విదేశీ ఒత్తిడి ఏముంటుంది?

అయితే బయటినుంచి వచ్చిన ప్రతి రూపాయీ పాపమా? భామ్రాగడ్ పక్కనే హేమల్‌కసా ఉంది. 1973 చివర బాబా ఆమ్టే మొదలుపెట్టిన లోక్ బిరాదరి ప్రకల్ప్ అక్కడిదే. డాక్టర్ ప్రకాశ్, డాక్టర్ మందాకిని ఆమ్టేలు తొలినాళ్ళలో చెట్లకింద వైద్యం చేశారు. 1975లో చిన్న ఆస్పత్రి కట్టింది స్విస్‌ఎయిడ్ ఇచ్చిన విదేశీ డబ్బుతో. పర్లకోట నది పొంగి దారి తెగిపోయే ఆ ఊళ్ళలో బిడ్డల్ని బతికించింది ఆ ఆస్పత్రే. ఆ డబ్బు ఎవరిచ్చారో, దేనికిచ్చారో, దేనికి ఖర్చయిందో కళ్ళముందు కనిపించింది.

బయటి డబ్బుతో బేరమాడడం ఈ ఊళ్ళకు చేతకాదనుకోవడమూ పొరపాటే. గడ్చిరోలి గ్రామసభలు పెసా కింద తునికాకును తామే వేలం వేసుకుంటున్నాయి. కొనడానికి తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి కాంట్రాక్టర్లు వస్తారు. ధర సభలో చదువుతారు, కల్లం ఎక్కడ పెట్టాలో సభే చెబుతుంది. డబ్బు ఎగ్గొట్టిన కాంట్రాక్టర్లూ ఉన్నారు, ఆ దెబ్బలు తిని సభలు షరతులు గట్టిగా రాయడం నేర్చుకున్నాయి. 2017 జిల్లా పరిషత్ ఎన్నికల్లో గ్రామసభలు తమ మనుషుల్నే నిలబెట్టాయి. భామ్రాగడ్ నుంచి మాడియా న్యాయవాది లాల్సు నోగోటి, ఎటపల్లి వైపు నుంచి సైను గోటా గెలిచారు. ఎన్నికలు బహిష్కరించమని మావోయిస్టులు ఏళ్ళుగా కరపత్రాలు వేసిన ప్రాంతంలో ఇది జరిగింది.

కాబట్టి మద్దతు ఎక్కడినుంచి వచ్చిందన్న లెక్కతో జోక్యాన్ని కొలవలేం. ఊరు తన మాట తాను చెప్పుకునే వీలును చెడగొట్టినవాడే జోక్యం చేసుకున్నవాడు, వాడు విదేశీయుడైనా, ముంబయివాడైనా, పక్కూరివాడైనా. మహాన్‌లో అమేలియా గ్రామసభ తీర్మానంలో చనిపోయినవాళ్ళ పేర్లమీద కూడా సంతకాలున్నాయని ఊరివాళ్ళు 2013లో ఫిర్యాదు చేశారు. ఓటును పాడుచేయడమంటే అది, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఎటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండమీద 348 హెక్టార్ల ఇనుప గనిని 2007లో లాయిడ్స్ మెటల్స్‌కు లీజుకిచ్చారు. ఆ కొండ ఠాకుర్‌దేవ్ కొలువని చుట్టుపక్కల ఊళ్ళు ఏటా జాతర చేస్తాయి. తవ్వకాన్ని ఏడాదికి 30 లక్షల టన్నుల నుంచి కోటి టన్నులకు పెంచడంపై 2022 అక్టోబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అది కొండ కింద జరగలేదు. వంద కిలోమీటర్లకు పైగా దూరాన, జిల్లా కేంద్రం గడ్చిరోలిలో పెట్టారు. రోజుకూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, పోలీసు తనిఖీలు దాటుకుని మాడియా ముసలమ్మ అక్కడికి ఎలా వెళ్తుంది? వెళ్ళినా తనకు రాని భాషలో ఉన్న నివేదిక మీద ఏం చెబుతుంది?

తుపాకీ సంగతీ దాచకూడదు. మావోయిస్టులు 2016 డిసెంబర్‌లో సూర్జాగఢ్‌లో డెబ్బైకి పైగా వాహనాలను తగలబెట్టారు. వాళ్ళ భయంతో వద్దన్న మాట, పోలీసు క్యాంపు భయంతో సరేనన్న మాట, రెండూ ఊరి మాటలు కావు. గని వద్దన్న ప్రతి మనిషినీ మావోయిస్టు మనిషని ముద్రవేయడం మాత్రం ఆ భయాన్ని రెట్టింపు చేస్తుంది.

ఏం చేయాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. నియమగిరిలో చేసిందే ఇక్కడా చేయాలి. ప్రభావం పడే ఊళ్ళోనే సభ పెట్టాలి, జిల్లా జడ్జి కూర్చోవాలి. నివేదికలోని ముఖ్యాంశాలను మాడియాలో చదివి వినిపించాలి, సిరొంచ, అహేరి వైపు తెలుగులో అచ్చువేసి నెల ముందే పంచాలి. సభలో మాట్లాడే కంపెనీ అయినా సంస్థ అయినా ఆ ఊళ్ళో ఎంత ఖర్చుపెట్టిందో, ఆ డబ్బు ఎవరిదో రాతపూర్వకంగా సభ ముందుంచాలి. ఈ నియమం ఇద్దరికీ సమానంగా ఉంటేనే విదేశీ జోక్యం అన్న మాటకు నిజాయితీ వస్తుంది. హాజరు పట్టీని అక్కడికక్కడే పైకి చదవాలి, చచ్చిపోయినవాళ్ళు సంతకం పెట్టకుండా ఉండడానికి అంతకంటే మంచి మార్గం లేదు. ఆయుధం ఉన్నవాడు, యూనిఫాంలో ఉన్నా లేకున్నా, సభకు దూరంగా ఉండాలి. అటవీ భూమి బదిలీకి ముందు గ్రామసభ ఒప్పుదల తప్పనిసరి అని 2009లో కేంద్రం ఇచ్చిన ఆదేశపు బలాన్ని 2022 అటవీ నిబంధనలు తగ్గించాయి. ఆ బలాన్ని తిరిగి ఇవ్వాలి.

నూట అరవై ఏళ్ళలో ఈ నేల ఎన్నిసార్లు చేతులు మారినా ఇక్కడి మనిషిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగమని చట్టం చెబుతోంది. జవాబు మనకు నచ్చకపోవచ్చు. గని కావాలనే ఊళ్ళూ ఉంటాయి, వాళ్ళ మాటకూ ఇంతే గౌరవం ఇవ్వాలి. కానీ జవాబు నచ్చనప్పుడల్లా దాని వెనక చెయ్యి ఎవరిదని వెతికే ప్రభుత్వం, ఆ ఊరివాళ్ళను ఈ దేశపు పౌరులుగా లెక్కవేయడం లేదనే అర్థం. ఆ లెక్క సరిచేసుకోవాల్సింది ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్. ఈ అడవిలో బతుకుతున్నవాళ్ళు తమ వంతుగా సభ కూర్చుని తీర్మానం రాసి పంపుతూనే ఉన్నారు.