‘దోషం కనబడలేదు’ అంటే దోషం లేదనేనా?

రసాయన ప్రయోగశాలలో నీటిని పరీక్షించి ‘సీసం కనబడలేదు’ అని నివేదిక రాస్తే, ఆ నీటిలో సీసం బొత్తిగా లేదని అర్థం కాదు. పరికరం పసిగట్టగల కనిష్ఠ పరిమాణం కంటె తక్కువగా ఉన్నదని మాత్రమే అర్థం. అందువల్లనే ఆ కనిష్ఠ పరిమాణమెంతో నివేదికలో పేర్కొనడం శాస్త్ర మర్యాద. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో ఈ మర్యాద ఇంకా పూర్తిగా అలవడలేదు. ‘ఎన్నోసార్లు నడిపి చూశాం, తప్పు రాలేదు’ అన్న భరోసాతోనే అవి వినియోగదారుల చేతికి చేరుతుంటాయి. అమెరికాలో ఎన్నో తెలుగు కుటుంబాలకు జావా అన్నం పెడుతున్న భాష. హైస్కూలు పిల్లలు చదివే ఏపీ కంప్యూటర్ సైన్స్ ‘ఏ’ పాఠ్యక్రమం కూడా జావాలోనే సాగుతుంది. కనుక ఇది ఆ ఇళ్లకు సంబంధించిన ప్రశ్నే.

1998 అక్టోబరులో నాసా ప్రయోగించిన డీప్ స్పేస్-1 నౌక ఇందుకు మంచి నిదర్శనం. మనిషి ప్రమేయం లేకుండా నౌకను నడపగల ‘రిమోట్ ఏజెంట్’ సాఫ్ట్‌వేరును 1999 మే నెలలో అంతరిక్షంలో పరీక్షించారు. నడుమ ఒకచోట ఇంజను ఆగవలసిన సమయానికి ఆగలేదు. ప్రోగ్రాములోని పనులు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ స్తంభించిపోయాయి. భూమిమీద జరిపిన పరీక్షలలో ఈ దోషం బయటపడలేదు. విశేషమేమంటే, 1997లోనే కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో ఆ సాఫ్ట్‌వేరు మరొక భాగాన్ని ‘స్పిన్’ అనే సాధనంతో విశ్లేషించి అయిదు దోషాలు కనుగొన్నారు. వాటిలో ఒకటి అంతరిక్షంలో తలెత్తినదాని వంటిదే! ప్రయోగం చివరకు గట్టెక్కింది గాని, పాఠం మాత్రం మిగిలింది. ఆ కేంద్రంలోనే రూపుదిద్దుకున్న జావా పాత్‌ఫైండర్ సాధనాన్ని 2005లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు.

ఇటువంటి దోషాలు మామూలు పరీక్షలకు ఎందుకు చిక్కవు? ఒకే ప్రోగ్రాములో సమాంతరంగా సాగే పనులను థ్రెడ్లు అంటారు. ఒక్కొక్కటి పది అడుగులు వేసే రెండు థ్రెడ్లు ఒకదానితో ఒకటి కలగలిసి నడిచే క్రమాలు 1,84,756. మూడవ థ్రెడ్ చేరితే ఆ సంఖ్య అయిదు లక్షల కోట్లు దాటుతుంది. వేయిసార్లు నడిపి చూసినా అందులో ఎన్నవ వంతును చూసినట్లు? పైగా ఒకే యంత్రం మీద నడిపినప్పుడు దాదాపు అవే క్రమాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

పాత్‌ఫైండర్‌తోపాటు వచ్చే ‘రేసర్’ అనే చిన్న ఉదాహరణ దీనిని చక్కగా బోధిస్తుంది. అందులో ఒక థ్రెడ్ 1,000 మిల్లీసెకన్లు ఆగి 420ని ఒక సంఖ్యతో భాగిస్తుంది. ఆ సంఖ్య మొదట 42. మరొక థ్రెడ్ 1,001 మిల్లీసెకన్లు ఆగి దానిని సున్న చేస్తుంది. మామూలుగా నడిపితే సాధారణంగా 10 అనే జవాబే వస్తుంది. పాత్‌ఫైండర్ మాత్రం గడియారాన్ని నమ్మదు. రెండవ థ్రెడ్ ముందు నడిచే అవకాశాన్ని కూడా పరిశీలించి, సున్నతో భాగించే తప్పును పట్టుకొని, అక్కడికి దారితీసిన అడుగులన్నింటినీ వరుసగా చూపుతుంది.

దీనిని అమర్చుకోవడం అసాధ్యమేమీ కాదు. ఓపిక మాత్రం కావాలి. తొలిమెట్టు మీదనే చాలామంది తొట్రుపడతారు. సాధనం ఏ జావా సంచికకు అనుగుణంగా ఉన్నదో ఆ సంచికనే వాడాలి. అన్నిటికంటె కొత్తది పెడితే మొరాయించవచ్చు. తరువాత జేపీఎఫ్-కోర్ మూలాన్ని తెచ్చుకొని గ్రాడిల్‌తో నిర్మించాలి. ఆ సాధనం ఎక్కడున్నదో తెలిపే ఫైలు ఒకటి, ఏ ప్రోగ్రామును పరీక్షించాలో తెలిపే ఫైలు ఒకటి రాసుకోవాలి. సొంత ప్రోగ్రాము జోలికి పోకముందు రేసర్‌ను నడిపి, తెలిసిన తప్పును అది పట్టుకుంటున్నదో లేదో చూడటం మంచిది. తెలిసిన నమూనాతో పరికరాన్ని సరిచూసుకోకుండా తెలియని నమూనాను ఏ రసాయనశాస్త్రజ్ఞుడూ పరీక్షించడు గదా!

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. స్థితుల సంఖ్య పెరిగితే కంప్యూటరు జ్ఞాపకశక్తి చాలదు. నెట్‌వర్కుతోనూ, జావాకు వెలుపలి భాషలలో రాసిన భాగాలతోనూ ముడిపడిన ప్రోగ్రాములకు అదనపు ఏర్పాట్లు కావాలి. ఈ సాధనం కూడా చివరకు ‘దోషాలు కనబడలేదు’ అనే చెబుతుంది. అన్ని దారులూ చూసి చెప్పినదా, నడుమ ఆగి చెప్పినదా అన్నది నడిపినవారే తెలుసుకోవాలి.

గడువుల ఒత్తిడిలో ఇంత తీరిక ఎక్కడిదని అడిగేవారున్నారు. ప్రపంచమంతా వాడే గ్రంథాలయాలలో తప్పులుంటాయా అనేవారూ ఉన్నారు. జావాలో జాబితాలను వరుసలో పెట్టే ‘టిమ్‌సార్ట్’ పద్ధతిని 2015లో ‘కీ’ అనే మరొక నిర్ధారణ సాధనంతో నిరూపించబోయిన పరిశోధకులకు, నిరూపణకు బదులు దోషమే చిక్కింది. అంతవరకు అది ఎన్నో యంత్రాలలో నడుస్తూనే ఉన్నది.

ఈనాడు కృత్రిమ మేధ క్షణాలలో ప్రోగ్రాములు రాసి ఇస్తున్నది. రాయడం సులభమైనకొద్దీ సరిచూడటం బరువైన బాధ్యత అవుతుంది. వేసవి సెలవులలో పిల్లలకు మరొక కొత్త భాష నేర్పించే బదులు, తాము రాసిన ఇరవై పంక్తులనే ఇటువంటి సాధనంతో శోధించడం నేర్పితే మేలు. సంస్థలు కూడా ప్రతి ప్రోగ్రాముతోపాటు ఏ భాగాన్ని, ఏ హద్దులవరకు సరిచూశారో రాసి ఇవ్వాలి. నీటి నమూనాకు ఇచ్చే మర్యాద వైద్యశాలలనూ బ్యాంకులనూ నడిపే ప్రోగ్రాములకు ఇవ్వకపోవడం సమంజసం కాదు.